అందుకోని పల్లవి

రెండో దెబ్బకి రికార్డిస్టు కళ్ళజోడు ఎగిరి పరుపుల సందులో పడింది.

మొదటి దెబ్బ అతను ఊహించలేదు. రెండోది వస్తుందని తెలిసింది గానీ తప్పుకోవడానికి చోటేదీ? గదంతా పరుపులూ దుప్పట్లూ వైర్లూ. బయటి చప్పుడు లోపలికి రాకూడదని పొద్దున్నే కిటికీలకి పరుపులు నిలబెట్టి తాళ్ళతో కట్టారు. లోపలి చప్పుడు బయటికి పోకుండా కూడా ఇప్పుడు అవే కాపలా కాస్తున్నాయి.

"చెరిపెయ్యి," అన్నాడు చిన్నయ్యగారు, అతని కాలరు వదలకుండా. "మా నాన్న వాగిందంతా చెరిపెయ్యి. లేకపోతే ఆ మిషనూ ఉండదు, నువ్వూ ఉండవు."

రికార్డిస్టు బక్క మనిషి. పాతికేళ్ళుగా మనుషుల గొంతులు టేపుకెక్కించి బతుకుతున్నవాడు. తన గొంతు ఇలా ఇంకొకరి పిడికిట్లోకి వెళ్ళే రోజొకటి వస్తుందని అతనికెవరూ చెప్పలేదు. పెదవి తుడుచుకుని, వేలికంటిన రక్తం కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. జోడు లేకపోతే అతనికి రక్తమైనా సిరా అయినా ఒకటే.

"అయ్యగారు తీగల మీద అరచెయ్యి వేస్తేనే మిషను ఆపుతానని ముందే అనుకున్నాం," అన్నాడు. "ఆయన ఇంకా వెయ్యలేదు. నేనాపలేదు."

నిజమే. మూలనున్న బల్ల మీద రెండు చక్రాలూ నిదానంగా తిరుగుతూనే ఉన్నాయి. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. గది మధ్యలో ఎత్తు స్టూలు మీద, గిటారు ఒళ్ళో పెట్టుకుని, ముసలాయన కూర్చునే ఉన్నాడు.

ఆయన్ని మందిరంలో పెద్దలు అయ్యగారంటారు. పిల్లలు మాత్రం చాటుగా గొట్టం అయ్యగారంటారు. ఎడమచేతి మూడు వేళ్ళు మడవలేడు ఆయన. తప్పించుకున్న చిటికెన వేలికి నీళ్ళ పైపు నుంచి కోసిన ఇనప గొట్టం తొడిగి, తీగల మీద జారిస్తూ వాయిస్తాడు. మంచి వేళ్ళున్నవాళ్ళెవరూ పలికించలేని ఏడుపు ఆ జారుడులో పలుకుతుంది. ఆ వాయిద్యం వినడానికే వచ్చి ప్రార్థనకి కూర్చుండిపోయినవాళ్ళు మందిరంలో సగం మంది.

ఆ పాటకి ఒక పద్ధతుంది. ఆయన పల్లవి పిలుస్తాడు. రెండో గొంతు అందుకుంటుంది. అందుకోనిదే ఆయన చరణంలోకి కదలడు. మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారికీ జవాబు రాకపోతే తీగల మీద అరచెయ్యి వేసి ఆ పూటకి పాట కట్టేస్తాడు. ముప్ఫై ఏళ్ళలో అలా కట్టేసింది రెండేసార్లు. మొదట్లో ఇల్లాలు అందుకునేది. ఎనిమిదేళ్ళ నుంచి కోడలు అందుకుంటోంది.

ఈవేళ కోడలు అందుకోలేదు.

మైకు ఎదురుగా నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు రికార్డిస్టు. దగ్గరి గీత ముసలాయన స్టూలుకి, రెండడుగుల వెనక గీత కోడలికి. ఒకే మైకులో ఇద్దరి గొంతులూ సమంగా పడాలంటే అంతే దూరం ఉండాలట. కోడలు పొద్దున్నుంచీ ఆ గీత మీదే నిలబడి ఉంది. ఎడమ దవడ వాచి కంటిదాకా పాకింది. వాపు మధ్యలో గుండ్రంగా ఒక అచ్చు. నిన్న సాయంత్రం మొగుడి ఉంగరం అక్కడ దిగింది. పౌడరు రెండుసార్లు అద్దుకున్నా ఆ అచ్చు మాత్రం దాగలేదు.

"తలుపు తియ్యి తండ్రీ, తిరిగొచ్చాను నేను," అని పిలిచాడు ముసలాయన.

"తీసే ఉంది నాయనా, లోపలికి రా," అని ఆమె అందుకోవాలి. నోరు తెరవబోయింది. దవడ రాలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. అందరూ అరచెయ్యి కోసం చూశారు. ఆయన చెయ్యి వెయ్యలేదు. కింది తీగని బొటనవేలితో మీటుతూనే కోడలి మొహంకేసి చాలాసేపు చూసి, మైకులోకి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నా చెయ్యి విరగ్గొట్టింది బజారువాళ్ళు కాదు," అన్నాడు. "మా ఆవిడ. ఈ గది తలుపులోనే. అప్పటికి అయిదేళ్ళుగా ప్రేమ గురించి బోధిస్తున్నాను నేను. ఇంటికొచ్చి పిల్లాణ్ణి బెల్టుతో కొట్టేవాణ్ణి. వాడికి ఏడేళ్ళు. ఆ మధ్యాహ్నం కొడితే వాడు పడి లేవలేదు. వాళ్ళమ్మ వాణ్ణి ఈ గదిలోకి ఈడ్చుకొచ్చి తలుపేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. తియ్యమన్నాను. తియ్యలేదు. వేళ్ళు విరిగిన చప్పుడు వినపడ్డాకే నాకు తెలివొచ్చింది. ఇవాళ మా కోడలు అందుకోవటం లేదు. దాని దవడ వాచింది. కొట్టింది నా కొడుకు. వాడికి నేనిచ్చిన ఆస్తి అదే."

అదీ సంగతి. అది విన్న కొడుకు, చిన్నయ్యగారు, హాల్లోంచి ఒక్క ఊపున లోపలికొచ్చాడు. ఆ తరవాతే కళ్ళజోడు ఎగిరింది.

అతని కోపాన్ని అర్థం చేసుకోలేకపోవడానికి ఏమీ లేదు. ఎల్లుండి ఆదివారం. తండ్రి కొడుకు తల మీద చెయ్యి పెట్టి మందిరం అప్పగించే రోజు. ఈ పాటల టేపు పంచిపెట్టేదీ అదే రోజు. బజారులో దుర్మార్గులు పట్టుకుని తూకం గుండుతో చెయ్యి చితగ్గొట్టినా క్షమించిన మహానుభావుడి కథ మీదే ఆ మందిరం గోడలు లేచాయి. లోపలికి అడుగుపెట్టగానే కనిపించేలా ఆ చేతి ఫోటో పెద్దది కట్టించి పెట్టారు. దాని కింద నిలబడే చిన్నయ్యగారు వారం వారం ఓర్పు గురించి ప్రసంగం చేస్తాడు.

ఆ ఫోటో అంటే కోడలికి ఒళ్ళు మంట. మూడుసార్లు ఆమె మందిరంలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి చేతుల మీద మచ్చలు చూపించింది. మూడుసార్లూ ఆవిడ వేలెత్తి ఆ ఫోటోనే చూపించింది. అయ్యగారు తన చెయ్యి విరగ్గొట్టినవాళ్ళనే క్షమించారు, నువ్వు కట్టుకున్నవాడి దెబ్బ ఓర్చుకోలేవా తల్లీ అంది. తన మీద పడ్డ దెబ్బని ఈ ఇంట్లో ఒక మనిషి నోరు విప్పి దెబ్బ అనడం ఇదే మొదటిసారి. అది ఆ తిరుగుతున్న టేపు మీద ఉంది. ఇంకెక్కడా లేదు.

చిన్నయ్యగారు రికార్డిస్టుని వదిలేసి మిషను వైపు తిరిగాడు.

"పగలగొట్టుకో," అన్నాడు ముసలాయన. గొంతు పెంచలేదు. "నా నోరు ఆ పెట్టెలో లేదు. ఆదివారం నిలబడి మళ్ళీ చెప్తాను. ఫోటో కిందే నిలబడి చెప్తాను."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.

"నీకు మతి పోయింది నాన్నా."

"మతి ఇప్పుడే వచ్చింది. ఆలస్యంగా వచ్చింది, అంతే."

"ఏం చేస్తే నోరు మూసుకుంటావు? అది చెప్పు."

ముసలాయన కాసేపు తీగ మీటాడు. తరవాత గడ్డం ఎత్తి కోడల్ని చూపించాడు. "అదిగో, అది అందుకుంటే నేను పాట పాడతాను. ఈ మాటెత్తకుండా చచ్చేదాకా పాటే పాడతాను. అది అందుకోలేకపోతే మాత్రం ఎందుకు అందుకోలేకపోయిందో చెప్తాను. పాట పద్ధతి నీకు కొత్త కాదు కదరా."

ఎంత పెద్ద బోధకుడైనా చేతకానితనాన్ని పద్ధతి పేరుతో చెప్పగలడు. ఆ బరువంతా తీసుకెళ్ళి వాచిన దవడ మీద పెట్టాడు పెద్దమనిషి. తనకి ధైర్యం సగమే వచ్చింది. మిగతా సగం ఆ పిల్లనే తెచ్చుకోమన్నాడు.

అప్పుడు వచ్చింది అమ్మగారు.

మొగుడి మాట మైకులో పడగానే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంత గొడవ జరుగుతుంటే ఆవిడ ఒక గిన్నె తోమింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. ఇప్పుడు తడిచేతులతో గుమ్మంలో నిలబడి, ముందు రక్తం కారుతున్న రికార్డిస్టుని చూసింది, తరవాత తలుపు వారకి నెట్టేసిన ఇటుకని చూసింది.

ఆ ఇటుక సంగతి ఒకటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గది తలుపు ఎవరూ పూర్తిగా వెయ్యలేదు. బరువైన చెక్క తలుపు, అంచు పొడుగునా ఇనప పట్టీ. దానికి ఆవిడ ఎప్పుడూ ఒక ఇటుక అడ్డం పెట్టి ఉంచుతుంది. పిల్లల వేళ్ళు పడతాయని చెబుతుంది అడిగినవాళ్ళకి. ఇంట్లో పిల్లల్లేరు. ఈ పొద్దున రికార్డింగు కోసం రికార్డిస్టు ఆ ఇటుక తీస్తుంటే ఆవిడ ఎందుకంత రభస చేసి తలుపు మాత్రం వెయ్యనివ్వలేదో అతనికి ఇప్పుడు అర్థమయింది.

"చెప్పడానికి ముందు నన్నొక మాట అడగాలనిపించలేదా మీకు?" అంది మొగుడితో.

ఆయన గిటారు వైపు చూపు తిప్పుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు. బజారువాళ్ళు కొట్టారని మీరే అల్లారు. ఆసుపత్రిలో కట్టు కడుతున్నవాడు అడిగితే మీ నోట్లోంచి వచ్చిన మాట అది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నోరు నొక్కుకున్నాను. ఆదివారం ఆదివారం మీరు ఆ కథకి కొత్త ముక్కలు కలుపుతుంటే ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఇప్పుడు మీకు మనసు బరువైందని నన్ను తీసుకెళ్ళి మైకులో పెట్టారు."

"నిన్ను తప్పు పట్టలేదే నేను."

"తప్పు పట్టినా బావుండేది," అంది ఆవిడ. "క్షమించినట్టు చెప్పారు. అదే నాకు ఒళ్ళు మండింది."

ముసలాయన తల దించుకున్నాడు. తీగ మాత్రం మీటుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి ఆగి తీగల మీద పడితే మిషను ఆగుతుందని ఆయనకి తెలుసు. ఆయన ఆపడం లేదంటే కావాలనే ఆపడం లేదని గదిలో అందరికీ తెలిసిపోయింది.

అమ్మగారు కోడలి దగ్గరికి వచ్చింది. పైట కొంగు తీసి ఆ పిల్ల గడ్డం మీది చెమట ఒత్తింది. వాపుకి తగలకుండా ఒత్తింది. ఆ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తరవాత ఆవిడ అన్న మాట మాత్రం చెప్పుకోదగ్గది కాదు.

"రెండు ముక్కలే కదమ్మా. నెమ్మదిగా అనెయ్యి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆదివారం దాటనీ. ఆ తరవాత వాడి సంగతి నేను చూస్తాను."

కోడలు అత్తగారి కళ్ళలోకి చూసింది. మాట్లాడాలంటే పళ్ళ సందుల్లోంచే మాట్లాడాలి. "మీ సంగతి ఎవరు చూశారు అత్తయ్యా?" అంది.

అమ్మగారు పైట కొంగు వదిలేసింది. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు ఉంది, కానీ అది తలుపుకున్న ఇనప పట్టీ మీద ఉంది. నోటితో చెప్పేది కాదు.

"నాటకాలు చాలు," అన్నాడు చిన్నయ్యగారు. "పాడవే."

ఆమె కదల్లేదు.

"అయ్యగారి ఇంటి కోడలివి. రెండో గొంతువి. ఊరంతా నీ గొంతు బాగుందంటే నేను ఊరుకున్నాను. పాడమంటున్నాను. పాడు."

ఆమె తల అడ్డంగా ఊపింది. పాడలేనందో పాడనందో అతను ఆగి అడగలేదు. ఒక్క అంగలో సుద్దగీత దాకా వచ్చి, ఒక చేత్తో ఆమె జుట్టు వెనక నుంచి పట్టుకుని, రెండో చేతి వేళ్ళు దవడ కిందికి పెట్టి, నోరు తెరవడానికి కిందికి లాగాడు. ఎండిన కట్టె విరిగినట్టు చిన్న చప్పుడయింది. ఆమె గొంతులోంచి వచ్చింది పాట కాదు. బల్ల మీద మిషనులో చప్పుడు కొలిచే చిన్న ముల్లు ఒకటి కుడి చివరిదాకా వెళ్ళి కొట్టుకుంది.

రికార్డిస్టు కళ్ళు మూసుకున్నాడు. పాతికేళ్ళ అలవాటు అతన్ని వదల్లేదు పాపం. గొంతు ఎక్కువైనప్పుడు తగ్గించాలని చెయ్యి దానంతటదే మర మీదికి పోయింది. సగం దాకా పోయి ఆగింది. తగ్గించలేదు. ఉన్నదున్నట్టు పడనీ అనుకున్నాడు.

"వదులు," అంది అమ్మగారు.

"నువ్వు పక్కకి తప్పుకో అమ్మా."

"వదలరా దాన్ని. నీ కోసమే విరగ్గొట్టాను ఆ చెయ్యి. నువ్వు నా కాళ్ళ దగ్గర పడున్నావు. చెవిలోంచి రక్తం వస్తోంది నీకు. తలుపవతల మీ నాన్న తియ్యమంటున్నాడు. నేను రెండు చేతులూ ఆనించి నెట్టాను. ఎముకలు నా అరచేతులకి తెలిశాయి. అయినా నెట్టాను. ఇంకో మనిషి పళ్ళూడగొట్టడానికా నిన్ను బతికించుకుంది?"

చిన్నయ్యగారు భార్య జుట్టు వదిలాడు. ఆ మాట అతనికి తగిలింది, అయితే ఆవిడ కోరినచోట కాదు.

"మరి కాటావాడి కన్ను?" అన్నాడు.

గిటారు మీద బొటనవేలు ఒక దెబ్బ తప్పింది.

బజారులో ఒకప్పుడు కాటా దగ్గర కూర్చున్న తూకం మనిషి ఒకడున్నాడు. ఇప్పుడు ఒంటి కన్నుతో బజారు గేటు దగ్గర స్టూలేసుకుని వచ్చేపోయే బళ్ళు చూస్తుంటాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఇనప రాడ్డుతో వెళ్ళి, మా నాన్న చెయ్యి విరగ్గొట్టింది నువ్వేనా అని అడిగి, జవాబు చెప్పే వ్యవధి ఇవ్వకుండా కొట్టాడు. తండ్రి కథలో తూకం గుండు ఉంది కాబట్టి తూకం మనిషే అయ్యుండాలనుకున్నాడు. అయ్యగారు వెళ్ళి తూకం మనిషి మంచం పక్కన ప్రార్థన చేశారు. అయ్యగారి మొహం చూసి అవతలివాళ్ళు కేసు పెట్టలేదు. ప్రార్థన అయితే చేశారు గానీ, నిజం మాత్రం చెప్పలేదు. తూకం మనిషికీ చెప్పలేదు, కన్నకొడుక్కీ చెప్పలేదు.

"చెప్పు నాన్నా. ఆ రోజు నేను రాడ్డు కడుక్కుంటుంటే పక్కన నిలబడి నీళ్ళు పోశావు. తప్పు చేశావురా అన్నావు. నా తల నిమిరావు. లోపల నీకు తెలుసు ఆ మనిషి నిన్నెప్పుడూ ముట్టుకోలేదని. తెలిసి కూడా నీళ్ళు పోశావు."

ముసలాయన మొహం బూడిద రంగుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు మైకు ముందు మాటకి తడుముకోని మనిషికి ఈ ఒక్క ప్రశ్న దగ్గర నోరు ఎండిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో చిన్నయ్యగారి మీద జాలేసింది. ఆ గదిలో అందరికన్నా మోసపోయినవాడు అతనే. కానీ జాలి పడటానికి అతను వ్యవధి ఇస్తే కదా. తండ్రి మీద లేవలేని చెయ్యి పక్కకి తిరిగింది. మళ్ళీ పెళ్ళాం వైపే తిరిగింది. నీటికి పల్లం తెలిసినట్టు ఆ చేతికి ఆ దవడ తెలుసు.

అమ్మగారు అడ్డం వచ్చింది. అతను ఆవిడని కొట్టలేదు, నెట్టాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, అంత నెట్టు చాలు. మైకు స్టాండు తగిలి, తలుపు వారన నేల మీద పడింది. మోచెయ్యి చితికింది. లేవబోతే చేతికి ఇటుక తగిలింది.

ఆవిడ ఆలోచించినట్టు కనిపించలేదు. ఇటుక ఎత్తింది, విసిరింది. దగ్గరి దెబ్బ. మోకాలి చిప్ప మీద పడింది. చిన్నయ్యగారు కేక పెట్టి పక్కకి తిరిగి, గుమ్మంకేసి తూలి, గడప తట్టుకుని, హాల్లోకి వెల్లకిలా పడ్డాడు.

కోడలు అప్పటిదాకా సుద్దగీత మీదే ఉంది. ఇప్పుడు గీత దాటింది. నాలుగంగల్లో తలుపు దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పెట్టి తోసింది. ముప్ఫై ఏళ్ళు వెయ్యని తలుపు కిర్రుమంటూ కదిలింది. జానెడు సందు మిగిలింది. గడియ పడటానికి ఆ జానెడే అడ్డం.

సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికొచ్చి ఇనప పట్టీని పట్టుకున్నాయి. ఉంగరం వేలికి ఉంగరం.

"తలుపు తియ్యి," అన్నాడు చిన్నయ్యగారు బయటినుంచి.

లోపల ముసలాయన తల ఎత్తాడు. కావాలని చేశాడో అలవాటుకొద్దీ చేశాడో తెలియదు. చిటికెన వేలి గొట్టాన్ని తీగ మీద ఆనించి, పల్లవి పిలిచాక జవాబు కోసం ఎలా ఆగుతాడో అలా ఆగాడు. స్వరం సన్నగా గాలిలో నిలబడింది.

కోడలు నోరు తెరవలేదు. తలుపు తోస్తూనే ఉంది. అవతల అతను భుజం పెట్టాడు. సందు రెండంగుళాలు పెరిగింది. ఆమె మడమలు నేల మీద జారాయి.

"తలుపు తియ్యవే. తీస్తే ప్రాణాలతో ఉంటావు."

గొట్టం మళ్ళీ తీగ మీదికి వచ్చి ఆగింది. రికార్డిస్టు పరుపుల మధ్య తడుముకుని కళ్ళజోడు దొరకబుచ్చుకున్నాడు. ఒక అద్దమే మిగిలింది. ఆ ఒక్క అద్దంలోంచి చక్రాల కేసి చూశాడు. టేపు ఇంకా వేలెడు మందం ఉంది. తరవాత వెళ్ళి కోడలి వెనక నేల మీద చతికిలబడి, ఆమె మడమలు జారకుండా తన రెండు పాదాలూ అడ్డం పెట్టాడు. చేతనైనంత సాయం.

సందు తగ్గింది. బొటనవేలంత అయింది. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ పట్టు వదల్లేదు.

"మూడోసారి చెప్తున్నాను. తలుపు తియ్యి."

గొట్టం మూడోసారి ఆగింది. ఈసారి జవాబు రాకపోతే పద్ధతి ప్రకారం అరచెయ్యి పడాలి. అరచెయ్యి పడితే మిషను ఆగాలి. కోడలు వెనక్కి తిరిగి ముసలాయన్ని చూసింది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళని ఆమె పట్టించుకోలేదు. ఆయన కుడిచెయ్యి ఎక్కడుందో మాత్రమే చూసింది.

అప్పుడు నోరు తెరిచింది. దవడ కదులుతుంటే కళ్ళకి చీకట్లు కమ్మాయి. అయినా తెరిచింది.

"తియ్యను," అంది.

గదంతా వినపడేలా అంది. తలుపు అవతలికీ వినపడింది. మైకులోనూ పడింది.

గొట్టం తీగ మీద జారింది. పల్లవి అందింది కాబట్టి ముసలాయన చరణంలోకి కదిలాడు. మాటల్లేవు, ఉత్త వాయిద్యమే.

అమ్మగారు నేల మీంచి లేచింది. మోచేతి రక్తం చీరకి తుడుచుకుంది. తలుపు దగ్గరికొచ్చి, ముప్ఫై ఏళ్ళ కిందట ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడి, కోడలి భుజం పక్కన తన భుజం ఆనించింది. సందులోకి వంగింది. ఏడేళ్ళ పిల్లవాడితో మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడింది.

"చెయ్యి తీసుకోరా నాన్నా. ఈ తలుపు సంగతి నీకు తెలీదు. మీ నాన్ననడుగు."

అవతల ఊపిరి వినపడుతోంది. ఒకసారి, రెండుసార్లు. వేళ్ళు తీస్తాడని అందరూ అనుకున్నారు.

వేళ్ళు ఇంకా లోపలికి వచ్చాయి.

కోడలు ఆ ఉంగరాన్ని చూసింది. అత్తగారు కోడల్ని చూసింది. ఇద్దరి పాదాలూ ఒకేసారి నేలని తన్నిపట్టాయి.